నేలచూపులు

అప్పటికి సగం రన్‌వే నడిచాడు ఊడ్పుమనిషి. వీపు వంచి, చూపు నేలకు అతికించి, కాంక్రీటు పలకల సందుల్లోంచి గులకరాళ్లూ, పక్షి ఎముకలూ, సముద్రపు గాలి తెచ్చిపడేసిన గవ్వలూ ఏరి భుజాన ఉన్న గోనెసంచిలో వేస్తున్నాడు. ఇంజనులోకి చిన్న రాయి పోయినా విమానానికి గండమే. ముప్పై రెండేళ్లుగా ఇదే పని. మెడ ముందుకు వంగి అలాగే బిగుసుకుపోయింది. "ఇంట్లో పడ్డ సూది కనబడదు గానీ అక్కడ ఆవగింజ కూడా కనబడుతుంది," అని భార్య దెప్పుతుంది.

ఆ పలకలు పోసిన కూలీల్లో అతని తండ్రి ఒకడు. యుద్ధం కోసం ఆదరాబాదరాగా కట్టారు. యుద్ధం అయ్యాక అంతే తొందరగా వదిలేసి పోయారు. చాలా ఏళ్లు జాలరులు దానిమీద వలలు ఆరబెట్టుకున్నారు. అతను సైకిలు నేర్చుకున్నదీ అక్కడే. తర్వాత మళ్లీ సైన్యం వచ్చింది, చుట్టూ కంచె వచ్చింది. ఇప్పుడు తీరాన్ని కాపుకాసే విమానాలు రోజూ లేస్తున్నాయి.

వారం క్రితం సముద్రం వైపు కంచెను ఎవరో కత్తిరించారు. అప్పటినుంచీ టీ దగ్గర అతను వచ్చి కూర్చుంటే మాటలు ఆగిపోతున్నాయి. ఈరోజు కొత్త భద్రతాధికారి జీపు అతని వెనకే, నడక వేగంతో వస్తోంది.

"ఏమయ్యా, మనిషి ఎదురుపడితే మొహం చూడవేం? ఎప్పుడూ ఆ నేలచూపులేమిటి?"

"నా పనే నేల చూడ్డం కదండీ."

"కంచె తెగిన చోటే రోజూ కాసేపు ఆగుతావట."

"మోకాళ్లండీ. అక్కడికొచ్చేసరికి మొండికేస్తాయి."

అధికారి నవ్వలేదు.

తిరిగి వస్తుంటే మధ్యగీత పక్కన ఒక స్క్రూ మెరిసింది. గోరంత. తుప్పు లేదు, నూనె తడి ఆరలేదు. ఇందాక దిగిన విమానానిదే. అరగంటలో అది మళ్లీ లేస్తుంది. వంగి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. చూపిస్తే నువ్వే వేశావంటారు. జేబులో వేసుకుంటే సోదాలో దొరుకుతుంది. సంచిలో రాళ్లతో కలిపేస్తే ఎవరికీ తెలియదు, పైకెగిరే ఇద్దరికి తప్ప.

జీపు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. "దానిదేనండీ. ఎగరనివ్వకండి."

"ఏది దేనిదో కూడా తెలుసన్నమాట." అధికారి గొంతు తగ్గింది. "ఇంకేం తెలుసు నీకు?"

"ముందు దాన్ని ఆపండి. తర్వాత నన్నేం చేసినా సరే."

ఆపారు. రెక్క కింద మూతకు ఆరు స్క్రూలుండాల్సిన చోట ఐదే ఉన్నాయి, అందులోనూ రెండు వదులు. మెకానిక్కు మొహం పాలిపోయింది. ఊడ్పుమనిషి వైపు మాత్రం ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం గేటు గదిలో అతని సంచి బోర్లించారు, జేబులు తడిమారు, కళ్లజోడు తీయించారు, చెప్పులు విప్పించి అరికాళ్లు కూడా చూశారు. ఏమీ దొరకలేదు.

"విచారణ తేలేదాకా రావద్దు. అయినా వచ్చే నెల ఊడ్చే యంత్రం వస్తోంది," అన్నాడు అధికారి, కాగితం మీంచి తలెత్తకుండా.

పదేళ్లుగా "మామా" అని పిలిచిన కాపలావాడు అతని పాసు తీసుకుని, "వెళ్లిరండి," అన్నాడు.

గేటు దాటాక, తలెత్తి నడుద్దామనుకున్నాడు. మెడ లేవలేదు. రోడ్డు పక్కన రాళ్లను తడుముకున్నట్టు చూసుకుంటూ పోయాడు.

సాయంత్రం అదే విమానం లేచింది. ఆ హోరుకు గేటు గదిలో సోదా బల్ల అదిరింది. దానిమీద అతను మరచిపోయిన కళ్లజోడు, విరిగిన కాడకు దారం చుట్టి ఉన్నది, కొంచెం కొంచెంగా అంచువైపు జరుగుతోంది.