నీలవేణి ఊ కొట్టిన కథ

పడవెక్కే ఓపిక పోయాక తవిటయ్య తాత నోటికి పని పెట్టాడు. లోకంలో అందరూ జరిగిపోయిన రాజుల కథలు చెబితే, ఈయనగారు రాబోయే రాజు కథ చెప్పేవాడు. ఆ రాజు సముద్రానికే కాపలా పెడతాడట. కాళ్ల కింద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుందట, వంగి పిడికెడు ఎత్తితే దొంగట. పక్కింటి కూరలో ఉప్పుందో లేదో రుచి చూసి రాజుకు చెప్పాలట. జనం గుండెలు చిక్కబట్టుకుని వినేవారు, మళ్లీ అదే చెప్పమనేవారు. నిజానికి బీడులో ఉప్పు మన్ను గీకినవాళ్లను నౌపడలోని సర్కారు ఉప్పు కొఠారు బంట్రోతులు పట్టుకుపోతున్న రోజులే అవి. ఉన్న భయాన్ని రేపటి మీదికి నెట్టేస్తే ఈ పూటకు కాస్త ఊపిరాడుతుంది కదా.

కథకు ఒకరు ఊ కొట్టాలి. లేకపోతే తాత నోరు మెదపడు. ఆ రేవులో ఊ కొట్టడంలో నీలవేణిని మించినవాళ్లు లేరు.

ఆ ఏడు వానల ముందు ఆమె మొగుడు ఎల్లాజీ వలకు కవళ్లు విరగబడ్డాయి. ఆ చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టుకుంటేనే పడవలు కదలని వానాకాలమంతా ఇంట్లో తిండి. కొనే తాహతు లేక, నీలవేణి బీడులో గీకి తెచ్చిన ఉప్పు దాచి ఉంచింది.

మర్నాడు చేపలకు ఉప్పు పెట్టాలనగా, మధ్యాహ్నం వలలు బాగుచేసే పాకలో కథ మొదలైంది. దారిన పోతున్న కొఠారు బంట్రోతు చిన్నారావు కూడా నీడకు వచ్చి చతికిలబడ్డాడు. పక్క ఊరివాడే, అందరికీ తెలిసినవాడే. కథలో రాజభటులు ఒక బెస్తామె ఇల్లు చుట్టుముట్టారు.

"మరా యమ్మ ఉప్పెక్కడ దాసినాదో సెప్పండి సూద్దాం" అన్నాడు తాత.

ఎప్పుడూ అడిగేదీ తాతే, చెప్పేదీ తాతే. కానీ కథలో పూర్తిగా మునిగిపోయిన నీలవేణి ఆగలేకపోయింది.

"ఎక్కడ దాత్తాది తాతా, పొయ్యి పక్కన బూడిద తట్టలోన. మాం దాయట్లేదేటి?"

అందరూ ఘొల్లుమన్నారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. చిన్నారావు మాత్రం విననట్టే చుట్ట అయిపోయేదాకా కూర్చుని వెళ్లాడు, నీలవేణి కుదుటపడింది.

తెల్లారి వచ్చి బూడిద తట్ట బోర్లించాడు. చేపలకు పెట్టుకున్నాక మిగిలింది పట్టుకుపొమ్మని నీలవేణి కాళ్లు పట్టుకుంది.

"ఇనేసినాక ఇన్లేదంటే నా ఉద్యోగం ఉంటాదేటమ్మా" అన్నాడు ఆమె మొహం చూడకుండా. ఉప్పంతా కెరటాల్లో పోయించాడు. కేసు పెట్టలేదని ఊరు అతన్నే మెచ్చుకుంది.

ఎండ అయినా ఆదుకోలేదు, మబ్బు కమ్మింది. కంపు కొట్టిన చేపల్ని ఎల్లాజీ తట్టలు తట్టలుగా మోసి కొబ్బరితోట ఇసుకలో పాతిపెట్టాడు. పెళ్లాన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. వానాకాలం ఏం తింటారో ఇద్దరికీ తెలియదు.

కొన్నాళ్లకు చిన్నారావు మళ్లీ పాకలోకి వచ్చాడు.

"తాతా, ఆ రాజు కథ ఆకరికి ఏటయినాది?"

అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. బంట్రోతుకు కాదని ఎలా చెప్పడం? తాత గొంతు సవరించుకుని, "ఆ రాజు బంట్లు..." అని ఆగి నీలవేణి వైపు చూశాడు. ఆమె తల వంచుకుని వల కుడుతూనే ఉంది. మిగతావాళ్లూ తమ వలల మీదికి వంగారు.

"ఊ" అన్నాడు చిన్నారావు.