నాలుగో గడి

"బొమ్మలో ఏముంది? మెల్కీ!"

"గేదె, ఇబూ!"

"ఏం చేస్తోంది? తబితా, నువ్వు చెప్పు... సరే, యోహానా, నువ్వు చెప్పమ్మా."

"బురదలో పడుకుంది, ఇబూ!"

తూర్పు సుంబా దీవిలో, గడ్డిగుట్టల నడుమనున్న ఆ బడిలో ఒకటో తరగతి ప్రతి ఉదయం ఇలా గడగడ సాగేది. పిల్లలు 'ఇబూ' అని పిలిచే ఉపాధ్యాయిని దోర్కాస్ శ్రద్ధలో ఎవరికీ తీసిపోదు. పాఠం ఊరి భాషలోనే చెప్పేది. ఆమె బల్ల మీద ఒక గళ్ళ పుస్తకం ఎప్పుడూ తెరిచి ఉండేది. అందులో ఒక్కొక్క పిల్లకు మూడు గడులు. ఒంటి మాటతో జవాబిస్తే మొదటి గడిలో గీత. పూర్తి వాక్యం పలికితే రెండో గడిలో. 'ఎందుకంటే' అనో, 'ఆ తర్వాత' అనో వాక్యాన్ని వాక్యానికి ముడివేసి చెబితే మూడో గడిలో. ఏ బిడ్డ మాట ఏ నెలలో ఎంత ఎదిగిందో ఆమె వేలుపెట్టి చూపగలిగేది.

తబితా పేరుకు ఎదురుగా మూడు గడులూ తెల్లగా ఉండేవి. ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉండటం అది రెండో ఏడు. మూడో ఏడు కూడా అక్కడే ఉంచాలని దోర్కాస్ కాగితం సిద్ధం చేసింది. చదువరులు ఆమెను కఠినురాలని అనుకోరాదు. గీత లేని చోట మాట లేదన్నది ఆమె నమ్మకం. మన బడులలోనూ ఎంతమంది బిడ్డల తలరాత ఇటువంటి నమ్మకం మీదనే తేలిపోతున్నదో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

ఆ కాగితంపై వేలిముద్ర కోసం ఒక సాయంత్రం ఆమె తబితా ఇంటికి వెళ్ళింది. ఊరంతా 'అపు' అని పిలిచే నాయనమ్మ వెదురు అరుగు మీద కూర్చుని, అద్దకానికి ముందు దారాలకు ముడులు వేస్తోంది. పక్కన తబితా దారాలు అందిస్తోంది. ముసలామె మాట్లాడకుండా వక్కల బుట్టను అతిథి ముందుకు జరిపింది.

"వక్క తర్వాత వేసుకుంటానులే, అపూ. చీకటి పడేలోగా నేను పోవాలి. ముందు ఈ కాగితం మీద..."

అపు చెయ్యి కదలలేదు, చూపు కదలలేదు. బుట్ట అక్కడే ఉంది. దోర్కాస్ సిగ్గుపడింది. ఆ దీవిలో పుట్టిన మనిషి చేయకూడని తప్పు అది. వక్క, అక్కడ ఆకుకు బదులు వాడే తమలపు కాయ, సున్నం నోట వేసుకుని నమిలింది. ఇద్దరూ చాలాసేపు నమిలారు. ఎర్రటి ఉమ్ము అరుగు కిందికి పడ్డాక అపు నోరు విప్పింది.

"టౌనులో చదివొస్తే ఇది మర్చిపోతారా? వక్క నమలకుండా మొదలెట్టిన మాట పచ్చిగా ఉంటుందే తల్లీ. ఇప్పుడు చెప్పు."

దోర్కాస్ చెప్పింది. అపు ముడి వేస్తూనే విన్నది.

"మూడోసారీ అదే బెంచీ అయితే బడి చాల్లే. ఇక్కడే దారాలు కట్టుకుంటుంది. దానికి మాట రాదన్నదెవరు?"

"నా పుస్తకం, అపూ. ఏడాదంతా ఒక్క గీతైనా లేదు."

ముసలామె మనవరాలి వైపు చూడనైనా చూడలేదు. దారం బిగిస్తూ, "వాగు దగ్గర మీ చిన్నాన్న గుర్రానికేమైందే ఇవాళ?" అని అడిగి, మరో వక్క నోట్లో వేసుకుంది.

తబితా దారం కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది. దోర్కాస్ నాలుక చివరిదాకా ఇంకో ప్రశ్న వచ్చింది. పక్కన అపు నింపాదిగా నములుతుండటం చూసి ఆ ప్రశ్నను మింగేసింది.

"నీళ్ళలోకి దిగనంది అపూ," అంది తబితా. "చిన్నాన్న కొట్టబోయాడు. వద్దన్నాను. ఎందుకంటే దాని పిల్ల ఇవతలి గట్టునే ఉండిపోయింది. పిల్లని ముందు దాటించాక, అదే వచ్చేసింది."

దోర్కాస్ వేళ్ళు అలవాటుగా ఒళ్ళో గీతలు గీశాయి. రెండో గడి, మూడో గడి, మళ్ళీ మూడో గడి.

"మరి బడిలో ఎందుకు చెప్పవే?" అంది.

తబితా మళ్ళీ దారాల్లో పడింది. అపు నవ్వింది. "నాకెప్పుడో చెప్పింది. 'మా ఇబు అడుగుతుంది గానీ ఉండదపూ, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది' అని."

దోర్కాస్ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "ఆరు వారాల్లో తనిఖీ అధికారి వస్తారు. తేల్చేది ఆయనే. అప్పటిదాకా పిల్లను బడి మాన్పించకు, అపూ."

మర్నాడు తరగతిలో ఆమె తన్ను తానే గమనించుకుంది. ప్రశ్న అడిగాక మనసులో అంకెలు లెక్కపెట్టింది. రెండు అనేలోపే ఆమె కళ్ళు ఇంకో పిల్ల మీదికి పోతున్నాయి! ఆ సాయంత్రం స్కేలు తీసుకుని ప్రతి పేరు ఎదుటా నాలుగో గడి గీసింది. అది పిల్లలది కాదు, తనది. అడిగిన తరువాత తాను ఎన్ని అంకెలపాటు ఆగిందో అందులో రాయాలి.

ఆగటం తేలిక కాలేదు. మొదటి రోజు ఆ నిశ్శబ్దానికి తరగతి అంతా తడబడింది. "ఇబూ, పాఠం మర్చిపోయారా?" అని మెల్కి అడిగాడు. వక్క నమిలాకే మాట అన్న అపు సంగతి దోర్కాస్ చెప్పాక, తబితా వంతు వచ్చినప్పుడల్లా, "దాని వక్క ఇంకా నమలటం అవలేదు!" అని నవ్వించేవాడు. నాలుగో రోజు తొమ్మిదో అంకె దగ్గర తబితా, "చేప," అంది. అంతే. దోర్కాస్ మొదటి గడిలో గీత గీసి, నాలుగో గడిలో 'తొమ్మిది' అని రాసుకుంది. తరువాతి వారాలలో మరి ఐదుగురి తెల్ల గడులు కూడా గీతలతో నిండసాగాయి. ఆ ఐదుగురినీ ఆమె అంతదాకా మందమతులనే అనుకున్నది.

అందరూ మర్యాదగా 'పాక్' అని పిలిచే తనిఖీ అధికారి ఒబెద్ వచ్చి పుస్తకం తిరగేశాడు.

"ఈ నాలుగో గడేంటి, ఇబూ?"

"అది నా గడి, పాక్. అడిగాక నేనెంతసేపు ఆగానో."

ఆయన కనుబొమలు ఎగరేశాడు. పరుగెత్తుతున్న గుర్రం బొమ్మను ఎత్తి పట్టుకుని, "ఇదెందుకు పరుగెడుతోంది? తబితా ఎవరు? నువ్వేనా? చెప్పు," అన్నాడు. మూడు అంకెలు గడిచేసరికి ఆయన వేలు పక్క పిల్లవాడి మీదికి తిరిగింది.

"కాస్త ఆగండి, పాక్," అంది దోర్కాస్. "ఆ పిల్ల చెబుతోంది."

"ఏం చెబుతోంది? నోరే విప్పలేదుగా!"

"నములుతోంది, పాక్!" అన్నాడు మెల్కి. తరగతి గొల్లుమంది. తబితా కూడా నవ్వింది. నవ్వు అణిగింది. ఎవరూ మరొక మాట ఎత్తలేదు. దోర్కాస్ మనసులో పదకొండో అంకె పలికింది.

"అది భయపడి పారిపోవట్లేదు," అంది తబితా. "భయమేస్తే చెవులు వెనక్కి పడతాయి. దీని చెవులు ముందుకున్నాయి. అంటే ఎవరో పిలిచారు. పిలిచినవాళ్ళు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. అందుకే వస్తోంది."

ఒబెద్ బొమ్మను తనవైపు తిప్పుకుని చెవులకేసి చూశాడు. ఆ బొమ్మను ఆయన ఎన్నో బడులలో చూపించాడు. చెవులను ఏనాడూ చూడలేదు.

కలం తీసి తబితా పేరు ఎదుట మూడో గడిలో తానే గీత గీశాడు. నాలుగో గడి దగ్గర ఆగి అడిగాడు. "నేనెంతసేపు ఆగాను?"

"మూడు అంకెలు, పాక్. మిగతా ఎనిమిదీ మిమ్మల్ని నేను ఆపాను."

ఆయన నిజాయతీగా 'మూడు' అని రాసి, దాని కింద 'రెండో తరగతికి పంపవచ్చును' అని సంతకం చేశాడు.

ఆ సాయంత్రం దోర్కాస్ వెదురు అరుగు మీద కూర్చుని, ముందు వక్క వేసుకుంది. శుభవార్త నోటిదాకా వచ్చినా నమలటం అయ్యేదాకా ఆపుకుంది. అపు అంతా విని, దారానికి ముడి బిగించి, తీరిగ్గా అంది:

"బిడ్డ ఎంత మాట్లాడిందో ఎవరైనా లెక్కేస్తారే తల్లీ. నువ్వు ఎంతసేపు ఆగావో ముందు అది లెక్కేసుకో."