ఇటుకల కింద వాన

మబ్బు కొండ మీదికి ఎక్కింది. అక్కడే కాసేపు తచ్చాడి, అవతలి పక్కనే కురిసేసి, నకుంజా ఊరికి మాత్రం చల్లగాలి పంపించింది. మా వైపు వానలు పడాల్సిన డిసెంబరు మొదలయ్యాక ఇలా చేయడం ఇది ఐదోసారి.

ఎసినాతి చేలో నిలబడి ఆ గాలి పీల్చింది. తడిమట్టి వాసన, ఎవరి మట్టో ఏమో. ఆమె కాళ్ళ దగ్గర మొక్కజొన్న మొలకలు ఎండకు చుట్టలు చుట్టుకుపోతున్నాయి. అవి రెండోసారి వేసినవి. మూడోసారి వేద్దామంటే ఇంట్లో విత్తనం లేదు, ఉన్న కాస్తా ఉడకబెట్టుకుని తినేశారు.

ఊరివాళ్ళు ఆకాశంకేసి చూడడం మానేసి ఎసినాతి పెరటికేసి చూడడం మొదలుపెట్టారు. అక్కడ ఆమె మొగుడు దులానీ కోసిన రెండువేల పచ్చి ఇటుకలు బట్టీగా పేర్చి, పైన గడ్డి కప్పి ఉన్నాయి. కట్టెలు దొరక్క కాల్చడం ఆలస్యమైంది. పచ్చి ఇటుక మీద గట్టి వాన పడితే అది మళ్ళీ మట్టే. అందుకని ఇటుకలు కోసేవాడు మంత్రం వేసి వానను కట్టేస్తాడని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. పైగా దులానీ పరాయి ఊరివాడు. మా వైపు పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వస్తాడు. ఆ లెక్కన నకుంజాలో సగంమంది మగాళ్ళు ఇల్లరికమే. వానలు బాగా పడ్డ ఏడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒక ఉదయం ఎసినాతి మేనమామ విలిసోని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా ఇళ్ళలో మేనమామ మాటే చివరి మాట. మామిడిచెట్టు కింద చాప మీద కూర్చుని ఇటుకలకేసి చూశాడు.

"ఏమయ్యా అల్లుడూ, ఇటుకలు బాగా ఆరాయా?"

"ఆరాయి మామా."

"ఆరవూ మరి! మా చేలు కూడా దివ్యంగా ఆరాయి."

దులానీకి అర్థమైంది. "కొండ అడ్డముంది మామా. మబ్బు మా అమ్మ ఊరివైపు నుంచి ఎక్కుతుంది, అక్కడే ఖాళీ అయిపోతుంది. మా ముతేలాలో ఉతికిన బట్టలు వారమైనా ఆరవు, నువ్వూ చూశావుగా."

"కొండ మొన్న మొలిచిందా? దాన్ని మా ముత్తాతలు కూడా చూశారు. మూడేళ్ళ కిందట కొత్తగా వచ్చింది నువ్వొక్కడివే."

వెంట వచ్చినవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఎసినాతికి కూడా నవ్వు రాబోయింది. మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇటుకలు తడిపెయ్. వానకి నువ్వేసిన ముడి ఊడిపోవాలి. లేదా నీ చాప చుట్టుకుని మీ అమ్మ దగ్గరికి పో," అని విలిసోని లేచాడు. "నా మేనకోడలి కాపురం నా చేతే తెంపించకు."

వాళ్ళు వెళ్ళాక దులానీ గడ్డి తీసేయడం మొదలుపెట్టాడు.

"నాలుగు నెలలు నడుం విరగ్గొట్టుకున్నావు కదయ్యా," అంది ఎసినాతి. "మనం కట్టుకుందామన్న ఇల్లో?"

"నడుం నాదే. మళ్ళీ విరగ్గొట్టుకుంటా. నువ్వు మళ్ళీ దొరకవుగా."

రెండు రోజులు ఊరి ఆడవాళ్ళంతా బోరింగు దగ్గర వరసలో నిలబడి, కుండలు నెత్తిన పెట్టుకుని, ఇటుకల మీద నీళ్ళు పోశారు. ఇటుకలు మెత్తబడి, ఒకదాని మీద ఒకటి కూలి, ఒకే ముద్దయ్యాయి. దులానీ కూడా పోశాడు, అందరికంటే ఎక్కువే పోశాడు. ఎసినాతికి ఒక్కో కుండ వంగినప్పుడల్లా తన చేను కళ్ళముందు ఆడింది.

"ఈ నీళ్ళు చేలో పోసుంటే నాలుగు సాళ్ళయినా బతికేవి కదే," అంది పక్కింటి ఫెలేసియాతో.

"నోర్ముయ్యవే తల్లీ! అసలే మీ ఇంట్లో పుట్టిన పీడ. వినేవాళ్ళు వింటే నిన్ను కూడా తడిపేస్తారు."

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు కొండ దాటి ఇటువైపుకే వచ్చింది. ఊరంతా బయటే ఉంది. ముసలమ్మలు కూడా చేతులు చాచారు. లావుపాటి చినుకులు దుమ్ములో టపటపా పడ్డాయి. దులానీ తల ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. అంతే. మబ్బు ఊరి పక్క వాగు దాటిపోయి అవతలి గట్టు మీద కుండపోతగా కురిసింది. ఇవతలి గట్టున నిలబడి వీళ్ళు ఆ నీళ్ళ చప్పుడు విన్నారు. తర్వాత ఇళ్ళకు వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా ఇటుకల కుప్ప పచ్చబడింది. లేతగడ్డి, దాని మధ్య రెండు గుమ్మడి మొలకలు. ఊళ్ళో ఇంకెక్కడా పచ్చని పరక లేదు. మొదట చూసింది ఫెలేసియానే.

"ఇదిగో! ఇక్కడ దాచాడమ్మా వాన! ఇటుకల కింద దాచాడు!"

జనం పోగయ్యారు. ఎసినాతి గొంతు చించుకుంది. "మనం పోసిన నీళ్ళే కదే! నువ్వే ఏడు కుండలు మోశావు కదా!"

"మోశాను కనకే చెబుతున్నా. నా ఏడు కుండలకి ఇంత పచ్చదనమా?"

విలిసోని లోపలికి వెళ్ళి, అల్లుడి చాప తనే చుట్టి తెచ్చి చేతిలో పెట్టాడు. చెడ్డవాడేం కాదు, ఆయన ఇంట్లోనూ గాదె ఖాళీయే.

"నేనూ వెళతా మామా," అంది ఎసినాతి.

"వెళితే మీ అమ్మ చేను ఎవరు చూస్తారే? ఆడది వదిలేసిన చేను ఊరిదైపోతుంది."

ఊరి చివరిదాకా సాగనంపింది. దులానీ ఇటుకలు కోసే చెక్క అచ్చును ఆమె చేతికిచ్చి, "వాన పడగానే కబురు పెట్టు. పరిగెత్తుకుని వస్తా," అన్నాడు.

"వాన పడితే నిన్ను వెళ్ళగొట్టడం వల్లే పడిందంటారు. ఇంకెలా రానిస్తారయ్యా?"

దులానీ చాప భుజాన వేసుకుని కొండ దారి పట్టాడు.

నాలుగో రోజు సంత నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, ముతేలాలో మూడు రోజులుగా తెరిపి లేదట, దారుల్లో మోకాలి లోతు నీళ్ళట. దులానీ అక్కడ అడుగుపెట్టిన పూటే మొదలైందట.

"చూశారా, మూటగట్టుకుని పోయాడు," అన్నాడు విలిసోని. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎసినాతి కొండ అడ్డముందని లోలోపల అనుకుంటూ చేలోకి వెళ్ళింది. ఆ మాట మొగుడి పక్కన పడుకుని ఎన్నిసార్లు విందో లెక్కలేదు. చేలో ఒక్క మొలక మిగల్లేదు, వేలితో ముట్టుకుంటే పొడి. కొండ మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. చల్లగాలి వచ్చి తడిమట్టి వాసన ముఖాన కొట్టింది.

"అంతా పట్టుకుపోవాలా అయ్యా?" అంది పైకే, మొగుడు వెళ్ళిన కొండ వైపు చూసి. "నాకు కాస్త ఉంచితే నీ సొమ్మేం పోయింది?"

అన్నాక ఆ గొంతు ఫెలేసియాది కాదని, తనదేనని తెలిసి, ఎసినాతి ఆ పొడిమట్టిలోనే కూలబడింది.