రెండు గేట్లు

ప్రమాద నివేదికలో పదకొండు గడులుంటాయి. మహీధర్ పది నింపాడు. తొమ్మిదోది మిగిలింది.

ఆలస్యానికి కారణం. ఒకటి, ట్రాఫిక్. రెండు, బండి చెడిపోవడం. మూడు, ఫోన్ చేసినవాడు తప్పుడు చోటు చెప్పడం. నాలుగు, ఆపరేటర్ పొరపాటు. ఏదో ఒక అంకె వేయాలి.

మూడు వేస్తే రాకేశ్ వీసా ఖలాస్. నాలుగు వేస్తే మహీధర్‌ది.

రాకేశ్ ముసఫ్ఫా క్యాంపులో తాపీ మేస్త్రీ. మహీధర్ అతన్ని ఎన్నడూ చూడలేదు. నిన్న మధ్యాహ్నం పద్దెనిమిది నిమిషాలు, ఈ ఉదయం కాసేపు అతని గొంతు విన్నాడు, అంతే.

కంపెనీకి మూడు చోట్ల కూలీల క్యాంపులున్నాయి. దుబాయ్‌లో జెబల్ అలీ, షార్జా, అబుదాబిలో ముసఫ్ఫా. ఒక్కో క్యాంపుకు ఒక అంబులెన్సు, ఒక ఫోన్ గది ఉండేవి. 2007 జూన్ ఒకటిన మూడు గదులూ ఎత్తేసి ఒకటే చేశారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, టైర్ల గోదాము పైన, మొదటి అంతస్తులో. మూడు క్యాంపుల గోడల మీదా ఒకే ఎర్ర స్టిక్కరు, ఒకే నంబరు. ముసఫ్ఫాలో ఆరేళ్లు ఫోనెత్తిన హిదాయతుల్లాను ఇంటికి పంపేశారు. జెబల్ అలీలో నాలుగేళ్లు ఎత్తిన మహీధర్‌ను ఇక్కడ కూర్చోబెట్టారు.

నిన్న రెండూ పదికి ఫోన్ మోగింది.

"సార్, జల్ది రాండ్రి సార్! మా భోజన్న మామ పడిపోయిండు. ఛాతీ వట్టుకొని పడిపోయిండు. మాట్లాడ్తలేడు."

తెలుగు వినగానే మహీధర్ హిందీ మానేశాడు. "ఊపిరి ఉందా?"

"ఉన్నది. గురగుర అంటున్నడు."

"ఎక్కడున్నారు? ఏ ఊరు?"

తెర మీద మొదటి గడి అదే. అది నింపితే గాని రెండోది తెరుచుకోదు. అందులో మూడే పేర్లు. అబుదాబి, దుబాయ్, షార్జా.

"దుబాయ్ సార్."

మహీధర్ దుబాయ్ మీద నొక్కాడు. నాలుగేళ్లుగా ఆ మాట ఎవరన్నా అతనికి జెబల్ అలీయే.

"బ్లాకు?"

"సి బ్లాకు. పద్నాలుగో రూము."

జెబల్ అలీ బండి కదిలింది. నడిపేది రాజేశ్వర్, జగిత్యాల వైపు మనిషి. తొమ్మిది నిమిషాల్లో గేటు దాటాడు. రెండూ ఇరవైకి వైర్‌లెస్‌లో అతని గొంతు.

"మహీధర్ సాబ్, పద్నాలుగుకు తాళమున్నది. బ్లాకుల పిట్ట గూడ లేదు. అందరు డ్యూటీకి వోయిన్రు. మజాక్ చేసిన్రా ఏంది?"

మహీధర్ రెండో చెవికి ఫోన్ ఆనించాడు. "రాకేశ్, అంబులెన్సు వచ్చింది. గేటు దగ్గరికి పరుగెత్తి చెయ్యి ఊపు."

"గేటు కాడనే ఉన్న సార్. ఎప్పటిసంది ఊపుతనే ఉన్న."

"రాజేశ్వర్, గేటు దగ్గర మనిషున్నాడు చూడు."

"మల్ల గేటు కాడికే వచ్చిన. నేను, వాచ్‌మన్. ఇంకో పురుగు లేదు."

"సార్, బండేది సార్? ఇక్కడేం బండి రాలే."

ఇద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. ఇద్దరికీ ఎవరూ కనిపించడం లేదు. మహీధర్ తెర మీద తాను నొక్కిన పేరు చూశాడు.

"రాకేశ్, దుబాయ్‌లో ఎక్కడున్నావు?"

"గదే సార్. దుబాయ్‌ల... ముసఫ్ఫా."

రెండు గేట్ల మధ్య దాదాపు వంద కిలోమీటర్లుంది.

ముసఫ్ఫా బండి క్యాంపుకు ఆరు నిమిషాల దూరంలో ఖాళీగా నిలబడి ఉంది. రెండూ ఇరవై రెండుకు కదిలి, ఇరవై ఎనిమిదికి చేరింది. భోజన్నను ఎక్కించారు. ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరు చూసి, లేడన్నాడు.

రాత్రి బర్ దుబాయ్‌లో ఇంటికి వెళ్లాక భార్య ఆమని అడిగింది, అన్నం డబ్బా ఎందుకు తెరవలేదని. మర్చిపోయానన్నాడు. అబద్ధం కాదు.

ఈ ఉదయం రాకేశ్ మళ్లీ అదే నంబరుకు చేశాడు. ఏడవడం లేదు.

"సార్, క్యాంపు బాసు అంటున్నడు, నేను తప్పు చెప్పిన్నట. నేనేం తప్పు చెప్పిన సార్?"

మహీధర్ ఫోన్ ఇంకో చెవికి మార్చాడు.

"పంతొమ్మిదేండ్లాయె సార్ మామ వచ్చి. ఊళ్లె దుబాయ్ భోజన్న అనే అంటరు. ఒక్కనాడు గూడ దుబాయ్ సూడలే ఆయన. ముసఫ్ఫాల దిగిండు, ముసఫ్ఫాలనే ఉన్నడు. చంద్రవ్వత్త గూడ గట్లనే అంటది, మా ఆయన దుబాయ్‌ల ఉన్నడని. గదే చెప్పిన సార్."

"సరే. పెట్టేస్తాను. వేరే కాల్స్ వస్తుంటాయి," అన్నాడు మహీధర్. అన్నాక తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

పదకొండింటికి, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు బాలసుబ్రహ్మణ్యం కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. గుంటూరు మనిషి. మూడు గదుల్ని ఒకటి చేయాలన్న ఆలోచన ఆయనదే.

"ఏమయ్యా, ఇంకా పంపలేదా? పన్నెండింటికి పైవాళ్లకి వెళ్లాలి."

"తొమ్మిదో గడి సార్."

"దానికింత ఆలోచనెందుకు? టేపు విన్నాంగా. నువ్వు ఊరు అడిగావు, వాడు దుబాయ్ అన్నాడు. మూడు వేసెయ్."

"వీసా రద్దు చేస్తారు సార్."

"చేస్తే ఇంకో కంపెనీకి వస్తాడు. వాడికి మేస్త్రీ పని ఎక్కడైనా దొరుకుతుంది. నీకు ఫోనెత్తే పని దొరుకుతుందా? పిల్లని స్కూల్లో వేశావు. కాస్త బుర్ర పెట్టు."

ఆయన చెబుతున్నది తప్పని మహీధర్‌కు అనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు. వేలు మూడు అంకె మీద పెట్టాడు.

ముదీర్ సెల్‌ఫోన్ మోగింది. ఆయన తెర చూసి నవ్వు మొహం పెట్టాడు.

"ఆఁ బావా, చెప్పు! లేదు లేదు, దుబాయ్‌లోనే ఉన్నా. ఆఫీసులోనే. ఎండా? అబ్బో, కారు మీద గుడ్డు కొట్టి పోస్తే ఆమ్లెట్టే. నువ్వు ఉల్లిపాయలు తెచ్చుకో చాలు. సరే, సాయంత్రం చేస్తా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మహీధర్ కుర్చీ తిప్పి ఆయన వైపు చూశాడు.

"సార్, మనం షార్జాలో ఉన్నాం."

"ఏంటి?"

"మీరు దుబాయ్ అన్నారు."

గోదాములో ఎవరో టైరు దొర్లించారు. నేల కొద్దిగా అదిరింది. ముదీర్ ముందు నవ్వబోయాడు, తర్వాత మానేశాడు.

"అది మాటవరసకి అన్నదయ్యా."

"అతనూ అంతే సార్."

ముదీర్ వంగి తెర మీది నాలుగు కారణాలూ చదివాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"మాటవరసకి అన్నదానికి సాఫ్ట్‌వేర్‌లో నంబరు లేదు. మూడో నాలుగో నువ్వే తేల్చు. నేను చూడలేదు."

అద్దాల తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

మహీధర్ మూడు మీది వేలు తీశాడు. పక్కనున్న నాలుగు నొక్కాడు. తెర ఒక్క క్షణం తెల్లబడి, నివేదిక అందినట్టు చూపింది. ఏదో అనిపిస్తుందని ఆగాడు. ఏమీ అనిపించలేదు. అన్నం డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నాడు. ఉప్పు ఉందో లేదో తెలియలేదు.

పన్నెండూ పావుకు ముదీర్ తలుపు సందులోంచి తల పెట్టాడు. "కొత్తవాడు వచ్చేదాకా సీట్లో ఉండు. వారం పడుతుంది."

"సరే సార్."

ఫోన్ మోగింది. మూడోసారి మోగక ముందే ఎత్తాడు. అవతల హోరుగాలి, రొప్పుతున్న గొంతు. నిర్మల్ వైపు యాస.

"సార్, మావోనికి కరెంటు షాక్ కొట్టింది సార్! జల్ది రాండ్రి!"

"ఊపిరి ఉందా?"

"ఉన్నది సార్!"

"ఎక్కడ?"

"దుబాయ్‌ల సార్."

మొదటి గడిలో మూడు పేర్లు. మహీధర్ దేన్నీ నొక్కలేదు.

"దుబాయ్‌లో ఏ ఊరు?" అన్నాడు.