చెల్లెలి సంచి బరువు

ఇంతకుముందు నేనేదీ రాసి ఎరగను. బడికెళ్ళింది ఐదో తరగతి దాకా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మా వీధిలో ఒకావిణ్ణి అందరూ కత్తెరమ్మ అంటారు. పొద్దున పొయ్యి పని కాగానే కుట్టుమిషను ముందు కూచుంటే మళ్ళీ దీపాలవేళకే లేవడం. చిరుగులు కలపడం, పొడుగు తగ్గించడం, వదులు బిగించడం. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేస్తుంది కాబట్టి మాట్లాడదని కొందరంటారు. మాట్లాడే పని తప్పించుకోడానికే సూదులు పెట్టుకుంటుందని వాళ్ళాయన అంటాడు.

వాళ్ళమ్మ పోయాక పుట్టింటి బొంత ఆవిడ దగ్గరికొచ్చింది. అమ్మమ్మ నాటిది. పాతబట్టలు పొర మీద పొర వేసి కుట్టింది. అంచులన్నీ పీలికలైపోయాయి, మధ్యలో మాత్రం ఇంకా గట్టిగా ఉంది.

"పారెయ్యలేం, కప్పుకోలేం. ఏం చేస్తాం దీన్ని?" అన్నాడు తమ్ముడు.

కత్తెరమ్మ రెండు వారాలు కూచుని దాన్ని కోసి, తలా ఒకటి కుట్టి పంచింది. తమ్ముడికి దిండు గలేబు. పిన్నికి కళ్ళజోడు పెట్టుకునే చిన్న తిత్తి. మధ్యనున్న గట్టి ముక్కంతా చెల్లెలికి చేతిసంచి. మిగిలిన జానెడు ముక్క తనకి మసిగుడ్డ.

కోసింది గానీ బొంత విడిపోలేదు. చెల్లెలి సంచి నిండితే మిగతా ముక్కలూ అంత బరువూ ఎక్కేవి. ఆమె మార్కెట్టుకెళ్ళిందంటే మిగతా మూడిళ్ళలోనూ తెలిసిపోయేది.

"అక్కా, చిన్నది ఇవాళ దుంపలు కొన్నట్టుంది. దిండు జరపబోతే నా మెడ పట్టేసింది," అని తమ్ముడు ఫోను.

"గుమ్మడికాయేమోరా," అనేది పిన్ని. "పాపం ఒక్కతే మోస్తోందని నా తిత్తి కాసేపు ఎత్తి పట్టుకుంటాను. ఇక్కడ ఎత్తితే అక్కడ తేలికవుతుంది. మొన్న అదే చెప్పింది, సగం దారి నుంచి చెయ్యి లాగలేదు పిన్నీ అని."

వానలు మొదలయ్యాక మసిగుడ్డ రోజూ పదింటికి బరువెక్కసాగింది. గిన్నె దించుదామంటే గుడ్డే లేవదు. ఓ అరగంటకి దూదిలా అయిపోయేది.

"చిన్నదాని ఇంట్లో తిండి బాగా పెరిగింది," అని తమ్ముడు నవ్వాడు. కత్తెరమ్మా నవ్వింది.

నాలుగోరోజున, పొయ్యి ముందు, ఆ నవ్వు ఆగిపోయింది. కూరగాయలైతే ఇంటికొచ్చాక ఒక్కొక్కటే బయటికొస్తాయి. బరువు మెట్లు దిగినట్టు దిగుతుంది. ఇదలా లేదు. ఎక్కడం కాస్త కాస్తగా, మడతపెట్టిన బట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. దిగడం మాత్రం ఒక్కసారిగా, సంచి బోర్లించినట్టు. బట్టల బరువు కుట్టుపని చేతికి తెలీదా?

చెల్లెలు సర్దుకుంటోంది. గుమ్మందాకా వచ్చి, మళ్ళీ లోపలికెళ్ళి అన్నీ కుమ్మరించేస్తోంది. రోజూ.

ఫోను చేసింది. "ఏమే, బాగున్నావా?"

"బాగానే ఉన్నానక్కా."

"మీ ఆయన?"

"తొమ్మిదిన్నరకే వెళ్ళిపోతారుగా."

"చెయ్యి తగ్గిందా?"

"ఏ చెయ్యి?" అని ఆగింది చెల్లెలు. "ఆ... తలుపు సందులో నలిగిందిగా, అదా? అది తగ్గింది. ఇప్పుడు ఇంకో..." మళ్ళీ ఆగింది. "ఉంటానక్కా, కుళాయి వచ్చింది."

అడగాల్సింది కత్తెరమ్మకి గొంతుదాకా వచ్చింది. నోట్లో ఒక్క సూదీ లేదు, అయినా మాట పెగల్లేదు.

"వాళ్ళ సంసారంలో వేలు పెడితే రేపు నిన్నే అంటారు," అన్నాడు వాళ్ళాయన.

"అదే వచ్చేస్తేనో?"

"రమ్మనీ అనకు. వస్తే పొమ్మనీ అనకు," అన్నాడాయన.

చెల్లెలి ఊరు ఏడు గంటల దారి. వెళ్ళి గుమ్మంలో నిలబడి ఏమనాలో ఆవిడకి తెలీదు. ఇంకో రెండు రోజులు బరువు వచ్చింది, పోయింది. పోతుంటే మసిగుడ్డని రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూచుంది, జ్వరంలో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు.

మర్నాడు పొద్దున తమ్ముడికీ పిన్నికీ ఫోను చేసింది. "పదింటికి ఎత్తండి. నేను చెప్పేదాకా దించొద్దు."

"అన్ని దుంపలేం చేసుకుంటుందే?" అంది పిన్ని.

"బట్టలు, పిన్నీ."

"పదింటికల్లా తిత్తి చేతిలో ఉంటుంది," అంది పిన్ని.

పదింటికి బరువు మొదలైంది. ఒక మడత, ఇంకో మడత. కత్తెరమ్మ మసిగుడ్డని రెండు చేతులా గుండెదాకా ఎత్తింది. పొయ్యి మీద ఏదో మాడుతోంది.

"అది కిందపెట్టి గిన్నె దించు," అన్నాడు వాళ్ళాయన.

"గిన్నె మీరు దించండి. ఇది నేను దించితే అక్కడ చిన్నదే మొయ్యాలి."

ఆయన పొయ్యి ఆర్పాడు. తర్వాత వచ్చి, తన చెయ్యి కూడా గుడ్డ కింద పెట్టాడు.

పదిన్నర దాటింది. బరువు దిగలేదు. పదకొండవుతుండగా గుడ్డ సన్నగా అదరసాగింది, కదిలే బస్సులో ఒళ్ళో పెట్టుకున్న సంచిలా. ఆవిడ చేతులు దించలేదు.