పదమూడో రౌండు తర్వాత

బావ మేడగదిలోని ట్రాక్ ఇవాళ ఎందుకో గది చాలక కిటికీలోంచి బయటికి పోతోంది, దాని వెంట గౌరీశం నడుస్తున్నాడు, ఎంత నడిచినా మొదటి మలుపే రావడం లేదు. ప్లైవుడ్ పలక మీద పక్కపక్కనే కోసిన జంట గాడి, దానికి రెండు వైపులా అంటించిన సన్నటి రాగి పట్టీలు, అంతా బావ చేతి పనే, అందులో అనుమానం లేదు. కంచరపాలెంలో ఒక మేడగదిలో పద్దెనిమిది అడుగులు ఉండాల్సిన ఆట ట్రాక్ పక్కింటి డాబా మీదుగా, రైలు పట్టాల పైనుంచి, హార్బరు నీళ్ళ మీదికి పోవడమేమిటని మాత్రం అతనికి తోచదు. కలలో మనిషికి అనుమానం రావాల్సిన చోట రాదు. గౌరీశానికి ఉన్నదల్లా ఒకటే చిరాకు, ఇంత పొడుగు ట్రాకుకి కరెంటు చివరిదాకా అందదు, మధ్యలో ఇంకో రెండు చోట్ల వైర్లు కలపాలి, ఆ సంగతి బావకి ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకోడు.

నీళ్ళ మీద నడుస్తూనే మళ్ళీ గదిలోకి వచ్చేస్తాడు. బావ స్టూలు మీద కూర్చుని, ఇటు వీపు పెట్టి, బొటనవేలంత టైరుని గరుకు కాగితం మీద మెల్లగా అరగదీస్తున్నాడు. ఆ గీరుడు చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకే చప్పుడూ లేదు. బావ పోయి నాలుగు నెలలైందని గౌరీశానికి తెలుసు. తెలిసినా, మనిషి ఎదురుగా పని చేసుకుంటూ ఉండగా ఆ మాట ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంటాడు.

"వచ్చీసావా గౌరీసూ" అంటాడు బావ, వెనక్కి తిరక్కుండానే.

"వచ్చాను గానీ, ఇదేటి బావా, ట్రాక్ ఇంత పెంచీసావు? అక్క చూస్తే ఊరుకుంటదా?"

"మీ అక్క ఎలాగూ పీకించీస్తదట గదా. పీకడానికే గదా నువ్వొచ్చావు."

గౌరీశం చేతిలోని స్క్రూడ్రైవరుని వెనక్కి దాచుకుంటాడు. అరవై రెండేళ్ళవాడు, మోటార్ల షాపు యజమాని, దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

ఈ బావాబావమరుదుల కథ పెద్దదేమీ కాదు. వరహాలు బావ ఓడల కార్ఖానాలో చెక్క అచ్చులు చేసేవాడు, గౌరీశం కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టి బతికేవాడు. నలభై ఏళ్ళ కిందట, పాత ఊళ్ళో విదేశీ ఓడలవాళ్ళ సామాన్లమ్మే దుకాణంలో ఒక అట్టపెట్టె దొరికింది, అందులో అరచేతిలో పట్టే రెండు కార్లు, నడవడానికి దారి మాత్రం లేదు. కారు కింద ఉండే చిన్న పుల్ల గాడిలో దిగాలని, దాని పక్కనే ఉండే, రాగి తీగలల్లిన జడ పట్టీలని రాసుకుంటూ కరెంటు తీసుకుంటుందని, చేతిలోని మీటని బొటనవేలితో ఎంత నొక్కితే కారు అంత జోరుగా పోతుందని ఇద్దరూ తల బద్దలు కొట్టుకుని కనిపెట్టారు. బావ ట్రాక్ కోశాడు, గౌరీశం మోటార్లు బాగుచేశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పందెమే, పెళ్ళిళ్ళున్నా తద్దినాలున్నా. అద్దాల బీరువాలోకి పాత కార్లు ముప్పై రెండు చేరాయి. అక్క అచ్చియ్యమ్మ వాటిని సవతులు అనేది.

"పచ్చ కారు మోటారుకి తీగ చుట్టి తెస్తానన్నావు" అంటాడు బావ.

"చుట్టాను బావా. తెచ్చేటప్పటికి..."

"నేను లేను. సర్లే. దానికి రంగు వెయ్యలేదు గదా?"

"వెయ్యలేదు."

"వెయ్యకు. ఆ గీతలన్నీ ఎవడో ఆడుకున్న గీతలు. కొత్త రంగేస్తే అది ఇంక బొమ్మల కొట్టు కారే." బావ టైరుని వెలుతురుకెత్తి చూస్తాడు. గదిలో బల్బు లేదు, కిటికీలో సూర్యుడు లేడు, వెలుతురు ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు. "గౌరీసూ, ఆవేళ నా కారు ఆగిపోయింది చూడూ."

ఈ మాట వస్తుందని గౌరీశానికి తెలుసు, వస్తుందనే నాలుగు నెలలుగా ఈ గదిలోకి అడుగు పెట్టలేదు.

"ఆగింది బావా."

"అది ఆగాక నువ్వెన్ని రౌండ్లు తిరిగావు?"

"ఒక్కటీ లేదు. కారు ఆగ్గానే నీకేసి చూసాను. చూసి, పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాను."

డాక్టరుకి చెప్పింది అదే, అక్కకి చెప్పింది అదే, పెద్దకర్మకి వచ్చిన చుట్టాలకి ఇరవైసార్లు చెప్పింది అదే. చెప్పగా చెప్పగా ఆ అబద్ధం గౌరీశం నోట్లో నున్నగా అరిగిపోయింది. జరిగింది మాత్రం వేరు. ఈ ఆటలో ఎదుటివాడి మొహం చూసేవాడు ఓడిపోతాడు, ఎవడి కళ్ళు వాడి కారు మీదే ఉండాలి, రెప్ప వేస్తే మలుపులో కారు ఎగిరి కింద పడుతుంది. ఎవడి రౌండ్లు వాడు పైకి లెక్కపెట్టుకోవాలి, ఇరవై అయ్యాక గాడి మార్చుకుని మళ్ళీ ఇరవై, ఎందుకంటే లోపలి గాడి కొంచెం పొట్టి. ఆ ఆదివారం మొదటి ఇరవైలోనే బావ కారు కిటికీ పక్క తిన్నని దారిలో నిలిచిపోయింది. గౌరీశం కంటి కొసకి అది ఆనింది. జడకి దుమ్ము పట్టింది, తుడుచుకుంటాడులే అనుకున్నాడు, ఎన్ని వందలసార్లు అలా ఆగలేదు. తన ఇరవై పూర్తిచేశాడు. అప్పుడు తలెత్తి చూశాడు, బావ స్టూలు మీద ఒరిగిపోయి ఉన్నాడు. ఆరు రౌండ్లు. ఒక్కో రౌండుకి తొమ్మిది సెకన్లు. ఆ లెక్క గౌరీశం నిద్రని నాలుగు నెలలుగా కొరుక్కు తింటోంది, ఎవరికీ చెప్పుకోలేడు, అక్కకైతే అసలే చెప్పలేడు.

"మీ అక్కకి కూడా అలాగే చెప్పావేటి?" అంటాడు బావ.

"అలాగే చెప్పాను."

"అలాగా" అంటాడు బావ, కోపమేమీ లేకుండా. ఆ కోపం లేకపోవడానికే గౌరీశానికి భయం వేస్తుంది. "అయితే రా, గాడి మార్చుకుందాం. సగం పందెం ఉండిపోయింది గదా."

వద్దనడానికి గౌరీశానికి కారణం దొరకదు. ఇది వాళ్ళ రివాజు, నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. బావ లేచి తన స్టూలు చూపిస్తాడు, గౌరీశం కూర్చుంటాడు, స్టూలు చల్లగా ఉంది, బావ ఇంతసేపు కూర్చున్న చోటు అంత చల్లగా ఎలా ఉంటుందని అనుకునేలోపే మీట చేతిలోకి వచ్చేస్తుంది. బొటనవేలు పెట్టే చోట బావ వేలు అరగదీసిన గుంట ఉంది, అందులో తన వేలు సరిగ్గా అమరిపోతుంది. బావ ట్రాక్ చుట్టూ నడిచి గౌరీశం స్థానంలోకి వెళ్ళి, ఎప్పుడూ గౌరీశం కూర్చునేట్టే కొంచెం పక్కకి వాలి, ఇటు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆ వీపు మీద ఇప్పుడు గళ్ళ చొక్కా ఉంది. ఆ మెడ వెనక పుట్టుమచ్చ ఉంది. గౌరీశం తన మెడ వెనకని తాను ఎప్పుడూ చూసుకోలేదు, అయినా అది తనదేనని అతనికి తెలిసిపోతుంది.

కార్లు కదులుతాయి. ఒకటి, అంటారు ఇద్దరూ. రెండు. కార్లు కిటికీలోంచి బయటికి పోయి, హార్బరు మీద గిరికీ కొట్టి, ఎంతోసేపటికి తిరిగి వస్తాయి, వచ్చిన ప్రతిసారీ గదిలో వెలుతురు కొంచెం తగ్గి ఉంటుంది. చిత్రమేమిటంటే గౌరీశానికి ఆట బాగుంది. ఎన్నాళ్ళకో బావతో ఆడుతున్నాడు, ఇద్దరి గొంతులూ కలిసి పలుకుతున్నాయి, ఇలాగే ఉండిపోతే బాగుండునని మనసారా అనుకుంటాడు. పదకొండు. పన్నెండు. పదమూడు, అంటారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పుడు గౌరీశం ఎడమ భుజంలోంచి ఏదో దిగుతుంది. నొప్పి అనలేడు, బరువు అనాలి, తడి బస్తా ఎత్తి పెట్టినట్టు. బొటనవేలు మీట మీదే ఉంది కానీ నొక్కమంటే నొక్కడం లేదు, అది ఎవరిదో వేలు. కిటికీ పక్క తిన్నని దారిలో అతని కారు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. బావా, ఇటు చూడు, అనబోతాడు. నోరు తెరుచుకుంటుంది, మాట పెగలదు.

"జడకి దుమ్ము పట్టినట్టుంది, తుడుచుకో" అంటుంది గళ్ళ చొక్కా, ఇటు తిరక్కుండానే. ఆవేళ గౌరీశం మనసులో అనుకున్న మాట అదే. ఆ గొంతూ గౌరీశందే.

పధ్నాలుగు, అంటుంది ఆ గొంతు, ఒక్కటే.

ఆవేళ పధ్నాలుగు ఇద్దరం అన్నాం గదా అనుకుంటాడు గౌరీశం, భయంలోనూ లెక్క వదలడు. పధ్నాలుగు అయ్యాకే గదా బావ కారు ఆగింది. కానీ తన నోరు పదమూడు దగ్గరే తెరుచుకుని ఉండిపోయింది, తన కారు పదమూడు దగ్గరే నిలబడి ఉంది. గళ్ళ చొక్కా కారు బయటికి పోతుంది. అది తిరిగి రావడానికి ఒక పూట పడుతుంది. పదిహేను. ఇంకో పూట. పదహారు. ఇంత దగ్గర్లో, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో మనిషి కూర్చుని ఉన్నాడు, ఒక్కసారి తల తిప్పితే చాలు, తిప్పడు, అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి, గెలుస్తున్నప్పుడు గౌరీశం చెవులు అలాగే ఎర్రబడతాయని అక్క నవ్వేది. పదిహేడు. పద్దెనిమిది. గౌరీశానికి ఇప్పుడు కోపం లేదు, భయం కూడా సన్నగిల్లింది, ఉన్నదల్లా ఒంటరితనం, ఇంత ఒంటరితనం ఒక మనిషికి ఉండగలదని అతను ఎన్నడూ ఊహించలేదు. పంతొమ్మిది. చేతివేళ్ళు అవే ముడుచుకుంటున్నాయి, ఒక చెయ్యి అయిపోయి రెండో చేతిలో ఒకటి ముడుచుకుంది. ఆరు, ఇంక ఆపు బావా, ఆరే, నేను తిరిగింది ఆరే, అంటాడు గొంతు లేకుండా.

కారు మళ్ళీ కిటికీలోంచి బయటికి పోతుంది.

అది వచ్చేసరికి గది పూర్తిగా చీకటి. ఇరవై, అంటుంది గొంతు. స్టూలు కిర్రుమంటుంది. గళ్ళ చొక్కా మెల్లగా ఇటు తిరుగుతుంది, ఆ మొహం బావది కాదు, గౌరీశందే, గెలిచిన సంతోషం దాని మీద ఇంకా ఆరలేదు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఎండ మేడగది గుమ్మంలోకి వచ్చి ఉంది. భోజనం చేసి, ట్రాక్ విప్పేముందు కాసేపు నడుం వాల్చిన గౌరీశం చాప మీద చెమటతో తడిసి ఉన్నాడు. ట్రాక్ గదిలోనే ఉంది, పద్దెనిమిది అడుగులు, ఒక్క మేకు కూడా ఊడలేదు. గుమ్మం అవతల, మేడ వరండాలో అక్క అచ్చియ్యమ్మ చేటలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తోంది.

"ఏట్రా, నిద్దట్లో ఆరే ఆరే అని ఒకటే గొడవ" అంది ఆమె.

గౌరీశం లేచి కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మకి చెప్పలేనని తెలిసింది.

"అక్కా, బావ కారు ఆగ్గానే నేను చూడలేదే. అబద్ధం చెప్పాను. నా ఇరవై అయ్యేదాకా తల ఎత్తలేదు. ఆరు రౌండ్లు తిరిగాను."

అక్క చేతులు ఆగలేదు. ఒక గింజ తీసి పక్కన పడేసింది.

"ఆరు కాదురా, ఏడు. పదమూడు ఇద్దరూ అన్నారు. పధ్నాలుగు కాణ్ణించి నీ గొంతొక్కటే."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"ఆవేళ కూడా ఇక్కడే కూకున్నాను. మీ బావ గొంతు ఆగిపోయింది, నాకు వినబడతానే ఉంది. లేచి ఒక్కసారి తొంగి చూస్తే అయిపోను. చేతిలో పనుంది గదా, కారు చెడిపోయిందేమో, బాగుచేసుకుంటన్నాడులే అనుకున్నాను" అంది అక్క. "నువ్వు తిరిగినంతసేపూ నాను లెక్కపెట్టుకుంటా కూకున్నాన్రా."