నలభై ఒక్క మాటలు మింగిన పెట్టె

నేను ఒక కామెంట్ల పెట్టెను. కర్రతోనో ఇనుముతోనో చేసిన పెట్టె అనుకునేరు. బ్లాగులో పాఠం చదువుతూ కిందికి జరుపుకుంటూ వస్తే, చివర ‘మీ మాట ఇక్కడ రాయండి’ అని తెల్లగా ఒక గడి ఉంటుంది చూశారా, అదే నేను. తన గుమ్మం ముందు రెండేళ్లుగా నిలబడ్డ వాళ్లను చూడకుండా, నా ఇంటికి ఎవరూ రారని కుమిలిపోయే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆ నివ్వెరపాటు నుంచి ఇంకా తేరుకోలేదు.

నన్ను పుట్టించింది ఫర్హానా టీచర్. సిద్దిపేట వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నా యజమాని అదే బడిలో సైన్సు చెప్పే సత్తయ్య సారు. ప్రయోగాలు బ్లాగులో రాస్తే పిల్లలు ఇంటి దగ్గర అమ్మ ఫోన్లో చూసుకుంటారని ఆయన ముచ్చటపడ్డాడు. “కింద పిల్లలు రాయొచ్చు సార్, వేరే బళ్ల టీచర్లు కూడా రాస్తరు. మనకూ నాలుగు విషయాలు తెలుస్తయి” అని ఆమె నన్ను చూపించగానే సారు అడ్డం పడ్డాడు.

“ఎవడన్న పిచ్చిరాతలు రాస్తే హెడ్మాస్టరు నన్నడుగుతడమ్మా. నేను టిక్కు పెట్టంది ఏదీ బయటికి రావద్దు.”

ఎర్రపెన్ను టిక్కు పడితేనే ఆయన లెక్కలో అది చదువు. ఇరవై రెండేళ్లుగా పిల్లల నోట్సుల మీద టిక్కు, దాని కింద తేదీ. అంతకు మించి ఒక్క మాట రాసిన పాపాన పోలేదు. సరేనని ఆమె నాకు తాళం వేసింది. ఎవరేం రాసినా సారు చూసి ఒప్పుకునేదాకా నా కడుపులోనే ఉండాలి. ఎక్కడ నొక్కి చూడాలో కూడా ఆమె చెప్పింది. సారు తలూపాడు, వారం తిరగకుండానే మరిచిపోయాడు. మాట వచ్చిందని కబురు వెళ్లే ఈమెయిలును ఆయన ఆ తర్వాత తెరవనే లేదు.

నిరుడు కాదు, అంతకు ముందటేడు ఆగస్టులో కొవ్వొత్తి ప్రయోగం రాశాడు. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గ్లాసు. కొవ్వొత్తి ఆరిపోగానే నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. లోపలి ఆక్సిజన్ ఖర్చయిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయని సారు తేల్చేశాడు.

మూడో రోజున రవళి వచ్చింది. అప్పటికి తొమ్మిదో తరగతి, మూడో బెంచీ, క్లాసులో నోరు తెరవని పిల్ల. నా గడిలో మాత్రం గడగడా రాసింది. “సార్, మా ఇంట్ల ఒక కొవ్వొత్తి పెడితే నీళ్లు ఒక వేలు ఎక్కినయ్. మూడు పెడితే మూడు వేళ్లు ఎక్కినయ్. గ్లాసు అదే. లోపలి ఆక్సిజన్ అంతే గద సార్, మరి ఎక్కువెందుకు ఎక్కినయ్?”

సారు ఇరవై రెండేళ్లలో వేసుకోని ప్రశ్న అది!

రెండు వారాలకు ఆసిఫాబాద్ నుంచి పోశన్న అనే మరో సైన్సు టీచరు రాశాడు. “మా పిల్లలకూ ఇదే అనుమానం వచ్చింది. వేడికి గాలి ఉబ్బి కొంత బయటికి పోతుంది, గ్లాసు అంచున బుడగలు చూడండి. చల్లారాక లోపలి గాలి కుంచించుకుపోతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి తోస్తుంది. కొవ్వొత్తులు ఎక్కువైతే వేడీ ఎక్కువే. మీ పిల్లలేమన్నారు?”

ప్రశ్న, జవాబు నా కడుపులో పక్కపక్కనే పడి ఉన్నాయి. అడిగిన పిల్లకు జవాబు కనబడదు, చెప్పిన టీచరుకు పిల్ల కనబడదు. ఇంత ఘోరం ఎక్కడైనా ఉందా? రవళి నెలరోజులు అమ్మ ఫోన్లో వచ్చి తన మాట కోసం వెతుక్కునేది. చివరికి ఇంకొకటి రాసింది: “సార్, మీకు కోపమొచ్చినట్టుంది. నా ప్రశ్న తీసేయుండ్రి. ఇంక అడగ.” ఆ పిల్ల ఇంటర్లో సైన్సు వద్దని ఇంట్లో చెప్పేసిందని నాకు తర్వాత తెలిసింది.

ఈ జనవరిలో సారు ఫర్హానా టీచర్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. “రెండేండ్లాయె. గోడకు చెప్పినట్టే ఉన్నది. ఒక్కరు పలుకలె. తీసెయ్యమ్మా దీన్ని.” నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్క నొక్కుతో నేనూ, నా కడుపులోని మాటలూ గంగలో కలిసేవాళ్లం. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“సార్, మీ టిక్కు కోసం ఆగినయట, ఈ నలభై ఒకటేంది?”

సారు వంగి చూశాడు. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూలబడ్డాడు. “ఇన్నేండ్ల సంది తప్పు చెప్తున్ననా?” అన్నాడు. రవళి చివరి మాట దగ్గర కళ్లద్దాలు తీసేశాడు. “రోజూ నా ముంగటనే కూసుంటది గదమ్మా...” ఆ గొంతు విని నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది.

మర్నాడు పదో తరగతిలో మూడు కొవ్వొత్తులు వెలిగాయి. గ్లాసు అంచున బుడగలు వచ్చాయి. “నేను తప్పు చెప్పిన. రవళి పట్టుకున్నది” అని సారు అందరి ముందూ అన్నాడు. క్లాసంతా నోరెళ్లబెట్టిందని ఫర్హానా టీచర్ చెప్పగా విన్నాను. సాయంత్రం నా తాళం తీసేశారు. నలభై ఒక్క మాటలూ వెలుగు చూశాయి. రవళిని పిలిచి, ఆమె చివర రాసిన మాటొక్కటి తీసేస్తానన్నాడు సారు.

“వద్దు సార్, ఉండనీయుండ్రి. మీరు మళ్ల మర్చిపోతరు” అంది ఆ పిల్ల.

అందుకే ఆ మాట ఇప్పటికీ నా దగ్గర అందరికీ కనబడుతూ ఉంది. దాని కింద, తేదీ కూడా వేయకుండా, సారు రాసిన జవాబు ఉంది: “కోపం కాదు బిడ్డా, నేను చూడలేదు. మళ్లీ అడుగు.” దాని కింద రవళి అప్పుడే ఇంకో ప్రశ్న పెట్టింది. సారుకు జవాబు ఇంకా దొరకలేదు. రోజూ పొద్దున్నే వచ్చి చూసి, తల గోక్కుని వెళ్తున్నాడు.